నొక్కుట వేరు, చేయుట వేరు



చేతిఫోను తెరమీద ఒక బటన్ ఉంటుంది. మనలో కొందరు దానిని మీట అంటారు. వేలితో తాకగానే ఏదో ఒకటి జరుగుతుంది. ఒక ఉత్తరం వెళ్తుంది, ఒక రైలు టిక్కెట్టు ఖరారవుతుంది, ఒక కరెంటు బిల్లు చెల్లిపోతుంది. చూసేవారికి ఇది ఒకే సంఘటన. ప్రోగ్రాము రాసేవారికి మాత్రం రెండు. మొదటిది నొక్కుట. రెండవది, దానికి ఫలితంగా జరగవలసిన పనిని చేయుట. ఈ రెంటినీ ఒకేచోట రాయాలా, లేక విడదీసి రెండవదానికి ప్రత్యేకంగా ఒక క్లాసు కట్టాలా అన్న ప్రశ్న నాలుగు దశాబ్దాలకు పైగా నలుగుతున్నది. ఆండ్రాయిడ్ ఫోన్లకు ప్రోగ్రాములు రాసే యువకులు నేటికీ దీనిమీద వాదించుకుంటారు. వారి వాదానికి వెనుక ఉన్న చరిత్రను చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు పండితునికి ఈ చర్చతో ఏమి పని అని కొందరు నవ్వవచ్చు. పని ఉన్నది. మూలంలో ఇది వ్యాకరణ సమస్య. క్రియను నామంగా మార్చవలసిన అవసరం ఎప్పుడు కలుగుతుంది, ఎప్పుడు కలగదు అన్నదే దీని సారం. ఆ మాటకు ముందుముందు వస్తాను.

మొదట ఒక ఉపమానం. గుడిగంటను తలచుకోండి. నాలుక తగిలినచోటనే నాదం పుడుతుంది. మోగించేవాడు గంట కిందనే నిలబడాలి. ఇంటి కాలింగ్ బెల్ అటువంటిది కాదు. మీట గుమ్మం పక్కన ఉంటుంది, గంట లోపల హాలులో ఉంటుంది, నడుమ తీగ. గంటను మార్చదలచుకుంటే మీటను కదిలించనక్కరలేదు. వీధిగుమ్మానికి ఒకటి, పెరటిగుమ్మానికి ఒకటి, ఒకే గంటకు రెండు మీటలు పెట్టుకోవచ్చు. కాని ఒకనాడు గంట మోగకపోతే తప్పు మీటలో ఉన్నదా, తీగలో ఉన్నదా, గంటలో ఉన్నదా అని మూడుచోట్ల వెతకాలి. విడదీయడంలోని లాభం, నష్టం రెండూ ఇందులోనే ఉన్నాయి. తరువాతి చరిత్ర అంతా ఈ రెంటి మధ్య ఊగిసలాటే.

క్లాసు అనే భావన తెరమీద బటన్లు పుట్టకముందే పుట్టింది. నార్వే దేశపు రాజధాని ఓస్లోలో, నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో, ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ న్యూగార్డ్ అనే ఇద్దరు సిమ్యులా 67 అనే భాషను నిర్మించారు. ఒక జాతి వస్తువులకు ఉండే లక్షణాలను, అవి చేయగలిగే పనులను ఒకే మూసలో పోసి, దానికి క్లాసు అని పేరు పెట్టారు. మౌసు సంగతి చూస్తే, డగ్లస్ ఎంగెల్‌బార్ట్ దానిని లోకానికి చూపినది 1968 డిసెంబరు 9న, సాన్‌ఫ్రాన్సిస్కోలో. ఈ రెండు పాయలూ కలిసినచోటు కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో. అక్కడ జిరాక్స్ సంస్థ 1970లో నెలకొల్పిన పరిశోధనాలయంలో అలన్ కే, డాన్ ఇంగల్స్, అడెల్ గోల్డ్‌బర్గ్ ప్రభృతులు స్మాల్‌టాక్ అనే భాషను తీర్చిదిద్దారు. కిటికీలు, మెనూలు, మౌసుతో నడిచే తెరలు ఆ పరిశోధనాలయంలో రూపు దిద్దుకున్నాయి.

అక్కడికి నార్వేనుండి అతిథిగా వచ్చిన ట్రిగ్వే రీన్స్కౌగ్ 1979లో ఒక సూత్రం ప్రతిపాదించాడు. వస్తువుకు సంబంధించిన జ్ఞానం ఒకచోట, అది తెరమీద కనిపించే తీరు ఒకచోట, మనిషి చేసే కదలికలను అందుకొనేది మరొకచోట ఉండాలన్నాడు. ఇదే మోడల్, వ్యూ, కంట్రోలర్ అనే త్రయం. అప్పటి కంట్రోలర్ మౌసు కదలికలను, మీటల నొక్కుళ్లను అందుకొని తగినవారికి చేరవేసే ద్వారపాలకుడు. తరువాతి కాలంలో ఆ పేరు మిగిలింది గాని అర్థం పలుమార్లు మారింది. ఈనాడు పది మంది ప్రోగ్రామర్లను కంట్రోలర్ అంటే ఏమిటని అడిగితే ఒకే జవాబు రావడం కష్టం. రీన్స్కౌగ్ చెప్పిన మూలసూత్రం మాత్రం చెక్కుచెదరలేదు. తెలుసుకొనేది, కనిపించేది, వినేది వేరువేరు.

సూత్రం ఉన్నంతమాత్రాన లోకమంతా పాటించలేదు. మెకింటాష్ 1984 జనవరిలో వచ్చింది. దానికి ప్రోగ్రాము రాసేవాడు ఒక చక్రం తిప్పుతూ కూర్చోవాలి. తరువాతి సంఘటన ఏమిటని యంత్రాన్ని అడగాలి. మౌసు నొక్కారని జవాబు వస్తే, ఏ కిటికీలో నొక్కారో అడగాలి. ఆ కిటికీలో ఏ బటన్ మీద నొక్కారో మళ్లీ అడగాలి. వేలు తీసేవరకు బటన్ మీదనే ఉన్నదా, పక్కకు జరిగిందా అని కనిపెట్టాలి. అన్నీ తేలిన తరువాతగాని అసలు పని మొదలుకాదు. మరుసటి ఏడాది, 1985 నవంబరులో, మైక్రోసాఫ్ట్ విండోస్ మొదటి రూపం వెలువడింది. అందులో బటన్ నొక్కితే దాని తల్లి కిటికీకి ఒక కబురు వెళ్తుంది. కబురులో ఉండేది బటన్ పేరు కాదు, ఒక సంఖ్య. కిటికీ దగ్గర ఒక పెద్ద స్విచ్ ఉంటుంది. సంఖ్య 101 అయితే ఇది, 102 అయితే అది అంటూ వరుస. చిన్న ప్రోగ్రాములో ఆ వరుస అరపుట. పెద్ద ప్రోగ్రాములో పదుల పుటలు. ఊళ్లోని ఉత్తరాలన్నీ ఒకే గుమాస్తా బల్లమీద పడితే ఆయన బల్ల ఎలా ఉంటుందో అలా ఉండేది ఆ కోడు.

ఈ గుట్టకు రెండు విరుగుడులు పుట్టాయి. ఒకటి స్టీవ్ జాబ్స్ ఆపిల్‌ను విడిచి స్థాపించిన నెక్స్ట్ సంస్థలో. 1988లో వెలుగు చూసిన ఆ యంత్రంలో బటన్ రెండు విషయాలు గుర్తుపెట్టుకుంటుంది. ఎవరికి చెప్పాలి, ఏమని చెప్పాలి. వీటిని టార్గెట్, యాక్షన్ అన్నారు. ఫ్రాన్సు దేశీయుడు జాన్ మరీ యూలో రూపొందించిన ఇంటర్‌ఫేస్ బిల్డర్ అనే పరికరంలో బటన్‌నుండి పని చేయవలసిన వస్తువుదాకా మౌసుతో ఒక గీత గీస్తే చాలు, సంబంధం కుదిరిపోతుంది. కాలింగ్ బెల్ తీగ కంటికి కనిపించేలా చేసినట్లు. ఆ పద్ధతే 2008లో ఐఫోన్‌కు ప్రోగ్రాములు రాసే పరికరాలతోపాటు చేతిఫోనులోకి నడిచివచ్చింది.

రెండవ విరుగుడు 1991లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన విజువల్ బేసిక్. తెరమీద బటన్‌ను అతికించి, దానిమీద రెండుసార్లు క్లిక్ చేస్తే, ఆ బటన్ పేరుతోనే ఒక ఖాళీ గది తెరుచుకుంటుంది. ఆ గదిలో నీ పని రాసుకో అంటుంది యంత్రం. ఇంతకంటె సులభమైన దారి అంతకుముందు లేదు. హైదరాబాదు అమీర్‌పేటలో శిక్షణ పొందినవారిలో ఎందరో ఆ గదిలోనే తొలి అక్షరాలు దిద్దారు. ఆ సౌలభ్యాన్ని తక్కువ చేయకూడదు. అది ప్రోగ్రామింగును పండితుల సొత్తుగా ఉంచక నలుగురికీ పంచింది. దానితోపాటే ఒక అలవాటును కూడా పంచింది. లెక్కలు, సరిచూడడం, దస్త్రాలలో రాయడం, తప్పు జరిగితే చెప్పడం... సమస్తమూ బటన్ గదిలోకే చేరాయి. బటన్ తీసేస్తే పని కూడా పోతుంది. అదే పని మెనూనుండి కూడా జరగాలంటే గదిలోని సామానునంతా నకలు తీసి మరో గదిలో పెట్టాలి.

ఇక్కడ వ్యాకరణం ప్రవేశిస్తుంది. తెలుగులో "చేసెను" అన్నది సమాపక క్రియ. వాక్యం దానితో ముగుస్తుంది. దానికి విభక్తి ప్రత్యయం చేర్చలేము. "చేసెనుకు", "చేసెనుచేత" అనే మాటలు భాషలో లేవు. అదే ధాతువును "చేయుట" అని మార్చితే అది భావార్థకం అవుతుంది, అనగా నామంతో సమానమవుతుంది. అప్పుడు చేయుటకు, చేయుటను, చేయుటచేత, చేయుటవలన అని సకల విభక్తులూ దానికి అమరుతాయి. దానిని గురించి మాట్లాడవచ్చు, మరొకరికి అప్పగించవచ్చు, వాయిదా వేయవచ్చు, లెక్కపెట్టవచ్చు, మెచ్చుకోవచ్చు, నిందించవచ్చు. క్రియగా ఉన్నంతవరకు పని జరిగిపోతుంది, అంతే. నామమైన తరువాతనే పని చేతికి చిక్కుతుంది.

సరిగా ఈ మాటనే వేరే పరిభాషలో చెప్పిన పుస్తకం 1994లో వచ్చింది. దాని పేరు డిజైన్ ప్యాటర్న్స్. ఎరిక్ గామా, రిచర్డ్ హెల్మ్, రాల్ఫ్ జాన్సన్, జాన్ వ్లిసిడెస్ అనే నలుగురు రచయితలు. అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లు తమకు తెలియకుండానే పదేపదే వాడుతున్న ఇరవైమూడు పద్ధతులకు వారు పేర్లు పెట్టారు. వాటిలో కమాండ్ అన్నది ఒకటి. ఒక విన్నపాన్నే వస్తువుగా మార్చడం దాని లక్షణం. అలా మార్చితే ఒకే ఆజ్ఞను మెనూకు, బటన్‌కు, మీటల జతకు ఇవ్వవచ్చు. ఆజ్ఞలను వరుసలో నిలబెట్టవచ్చు. అన్నిటికంటె ముఖ్యంగా, చేసిన పనిని వెనక్కు తీసుకోవచ్చు. మనం రాతపనిలో తప్పు అక్షరం కొట్టి వెనక్కు తీసుకుంటున్నామంటే, మనం చేసిన ప్రతి మార్పూ ఎక్కడో ఒకచోట నామరూపంలో భద్రమై ఉండాలి. గాలిలో కలిసిపోయిన క్రియను ఎవరూ వెనక్కు తేలేరు.

జావా భాష చరిత్ర ఈ మార్పును ఒక్క ఏడాదిలో చూపుతుంది. 1996 జనవరిలో వచ్చిన జావా 1.0లో బటన్ నొక్కితే కబురు బటన్‌నుండి దాని గూటికి, ఆ గూటినుండి పై గూటికి, ఎవరో ఒకరు నేను చూసుకుంటాను అనేవరకు ఎక్కుతూ పోయేది. దానిని అందుకోవాలంటే ఆ గూటి క్లాసునుండి పిల్ల క్లాసును పుట్టించాలి. కబురుతో వచ్చే ఆనవాలు ఏమిటో తెలుసునా? బటన్ మీద రాసి ఉన్న అక్షరాలు. సేవ్ అని ఉంటే ఇది చేయి, క్యాన్సిల్ అని ఉంటే అది చేయి అని రాసినవారు చాలామంది. ఆ బటన్ మీది మాటను "భద్రపరచు" అని తెలుగులోకి మార్చారనుకోండి. బటన్ నొక్కుడుపడుతుంది, పని మాత్రం జరగదు. తెలుగు చేసినవాడికి కారణం అంతుపట్టదు. కనిపించే మాటకు, చేసే పనికి ముడిపెట్టడం వలన కలిగే కీడుకు ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

1997 ఫిబ్రవరిలో వచ్చిన జావా 1.1 ఈ ఏర్పాటును పూర్తిగా మార్చింది. బటన్‌కు ఒక లిజనర్‌ను, అంటే వినేవాడిని, అప్పగించాలి. నొక్కగానే బటన్ వాడికి కబురు చెబుతుంది. వాడు ఎవరో, ఏమి చేస్తాడో బటన్‌కు అక్కరలేదు. వినేవాడు ఏ క్లాసుకు చెందినా సరే, ఒప్పందం ప్రకారం ఒక పద్ధతి ఉంటే చాలు. అదే కూర్పులో క్లాసులోపల క్లాసును, పేరులేని క్లాసును కూడా రాసుకొనే వీలు కల్పించారు. బటన్‌ను సృష్టించిన చోటనే, పేరు పెట్టకుండా, వినేవాడిని నాలుగు పంక్తులలో రాసేయవచ్చు. విడదీసే స్వేచ్ఛ, విడదీయకుండా దాటవేసే సౌకర్యం, రెండూ ఒకేనాడు చేతికి వచ్చాయన్నమాట.

ఆండ్రాయిడ్ ఆ వారసత్వాన్నే స్వీకరించింది. 2008లో తొలి ఆండ్రాయిడ్ ఫోను అంగడికి వచ్చేనాటికి జావాలో రాసే ప్రోగ్రామర్లు లోకమంతటా ఉన్నారు. వారికి అలవాటైన రీతిలోనే ఆన్‌క్లిక్ లిజనర్ అనే ఒప్పందం పెట్టారు. అందులో ఉన్న పద్ధతి ఒక్కటే, ఆన్‌క్లిక్. దానిని నెరవేర్చడానికి నాలుగు దారులు ఏర్పడ్డాయి. తెరకు అధిపతియైన యాక్టివిటీ క్లాసే స్వయంగా వినేవాడై, ఏ బటన్ నొక్కారో గుర్తింపు సంఖ్యను బట్టి స్విచ్‌లో తేల్చుకోవడం మొదటిది. ప్రతి బటన్ దగ్గరా పేరులేని క్లాసు రాయడం రెండవది. తెర ఆకృతిని వర్ణించే ఎక్స్ఎమ్ఎల్ దస్త్రంలో ఫలానా పద్ధతిని పిలువు అని పేరు రాసి పెట్టడం మూడవది. ఇది 2009లో ఆండ్రాయిడ్ 1.6తో వచ్చింది. పనికి ప్రత్యేకమైన పేరుతో వేరే దస్త్రంలో క్లాసు కట్టడం నాలుగవది.

మొదటి దారి 1985నాటి విండోస్ గుమాస్తా బల్లే. చింత చచ్చినా పులుపు చావలేదు. దానికొక వింత పరీక్ష ఎదురైంది. జావా స్విచ్‌లో వాడే సంఖ్యలు ఎన్నటికీ మారని స్థిరసంఖ్యలై ఉండాలి. ఇతరులు వాడుకొనేందుకు కట్టే లైబ్రరీ ప్రాజెక్టులలో బటన్ల గుర్తింపు సంఖ్యలు స్థిరంగా ఉండవని 2011లో ఆండ్రాయిడ్ పరికరాలవారు నిర్ణయించారు. అలాంటి ప్రాజెక్టులలో స్విచ్‌లన్నీ తప్పులుగా తేలాయి. 2023లో వచ్చిన నిర్మాణ పరికరాల 8.0 కూర్పు ఈ నియమాన్నే మామూలు అప్లికేషన్లకు కూడా తొలి ఎంపికగా చేసింది. సంఖ్యల వరుసను నమ్ముకున్న కోడు మళ్లీ తిరగరాయవలసి వచ్చింది. మూడవ దారిలో చిక్కు వేరు. ఎక్స్ఎమ్ఎల్‌లో రాసిన పేరు గల పద్ధతి ఉన్నదో లేదో ప్రోగ్రాము కట్టేటప్పుడు కంపైలర్ చూడదు. అక్షరం తప్పితే, వాడుకరి నొక్కిన క్షణాన అప్లికేషన్ కూలిపోతుంది.

రెండవ దారి చూడ ముచ్చటగా ఉంటుంది. దానిలోని ప్రమాదం కంటికి కనిపించదు. జావాలో ఒక క్లాసు లోపల పుట్టిన పేరులేని క్లాసు తన తల్లి వస్తువును రహస్యంగా పట్టుకొని ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో ఫోనును అడ్డంగా తిప్పితే, వేరే ఏర్పాటు చేయనంతవరకు, పాత తెర నశించి కొత్త తెర పుడుతుంది. ఈలోగా లోపలి క్లాసు ఏదో దీర్ఘకార్యం మొదలుపెట్టి ఉంటే, అది ముగిసేవరకు చచ్చిన తెరను వదలదు. ఆ తెరతోపాటు దాని బొమ్మలు, అక్షరాలు సమస్తమూ జ్ఞాపకంలో మూలుగుతూ ఉంటాయి. వేరే దస్త్రంలో కట్టిన క్లాసుకు ఈ రహస్య బంధం లేదు. దానికి ఏది కావాలో అది నోరు తెరిచి అడిగి తీసుకోవాలి. అడిగి తీసుకున్నది పైకి కనిపిస్తుంది. కనిపించేదానిని సరిదిద్దవచ్చు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. కరెంటు బిల్లు కట్టే అప్లికేషన్‌లో "చెల్లించు" అనే బటన్ మూడు తెరలమీద ఉన్నదనుకోండి. ఇంటి తెరమీద ఒకటి, బిల్లు వివరాల తెరమీద ఒకటి, గడువు గుర్తుచేసే తెరమీద ఒకటి. నెట్‌వర్క్ నెమ్మదిగా ఉన్నప్పుడు మనిషి ఓపిక పట్టలేక రెండుసార్లు నొక్కుతాడు. అందుచేత రెండవ నొక్కును పట్టించుకోకూడదనే నియమం ఉండాలి. మూడు తెరలలో మూడు పేరులేని క్లాసులు ఉంటే ఆ నియమాన్ని మూడుచోట్ల రాయాలి. రెండుచోట్ల రాసి మూడవచోట మరచిపోతే ఒక పింఛనుదారు ఖాతాలోంచి ఒకే బిల్లు రెండుసార్లు పోతుంది. అదే "బిల్లు చెల్లింపు" అనే ఒక క్లాసు కట్టి మూడు బటన్లకూ దానినే అప్పగిస్తే, నియమం ఒక్కచోటనే ఉంటుంది. నొక్కుటలు మూడు. చేయుట ఒకటే.

పరీక్షించే సంగతి ఇంతకంటె ముఖ్యం. తెరలోపల ఇరికించిన పనిని పరీక్షించాలంటే ఫోను కావాలి, లేదా ఫోనును అనుకరించే ఎమ్యులేటర్ కావాలి. తెర తెరవాలి, బటన్ నొక్కాలి, ఏమి జరిగిందో చూడాలి. విడిగా ఉన్న క్లాసునైతే కంప్యూటరు మీదనే క్షణాలలో పరీక్షించవచ్చు. డిజైన్ ప్యాటర్న్స్ రాసిన గామాయే కెంట్ బెక్‌తో కలిసి 1997లో జేయూనిట్ అనే పరీక్షా పరికరాన్ని జావాకోసం మొదలుపెట్టడం ఇక్కడ గమనింపదగినది. పనికి పేరు పెట్టాలన్నవాడే పనికి పరీక్ష పెట్టాలని కూడా అన్నాడు. 1996లో టాలిజెంట్ సంస్థకు చెందిన మైక్ పోటెల్ మోడల్, వ్యూ, ప్రెజెంటర్ అనే ఏర్పాటును వివరించాడు. 2002లో మైకేల్ ఫెదర్స్ రాసిన ఒక వ్యాసం మరింత సూటిగా మాట్లాడింది. పరీక్షించడం కష్టమైన తెరను వీలైనంత వినయంగా, ఏమీ తెలియనిదానిగా ఉంచి, తెలివినంతా దాని వెనుక క్లాసుకు ఇవ్వాలన్నది దాని సారం. తెర వినయశీల అయితే ప్రోగ్రాము సుఖపడుతుందన్న మాట.

ఇంతవరకు ఒకవైపు. రెండవవైపును కూడా న్యాయంగా చూడాలి.

2006లో స్టీవ్ యెగ్గీ అనే ప్రోగ్రామర్ తన బ్లాగులో ఒక వ్యంగ్యకథ రాశాడు. జావా అనేది నామవాచకాల రాజ్యమనీ, అక్కడ క్రియలు ఒంటరిగా వీధిలోకి రాకూడదనీ, ప్రతి క్రియకూ ఒక నామవాచకం కాపలా ఉండాలనీ ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళిలో నిజం ఉన్నది. మాటకు వెనుదిరుగు బటన్ నొక్కితే ముందు తెరకు పోవాలి, అంతే. దానికి "వెనుదిరుగు బటన్ క్లిక్ లిజనర్" అని ఒక క్లాసు, దానికొక దస్త్రం, దానికొక పరీక్ష అవసరమా? గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? ప్రతి చిన్న పనినీ భావార్థకం చేసి రాసే తెలుగు ఎలా ఉంటుందో మనకు తెలుసు. "అతడు వచ్చాడు" అనవలసిన చోట "అతని రాక సంభవించుట జరిగినది" అని రాస్తే చదువరి ప్రాణం విసుగుతుంది. కార్యాలయాల ఉత్తర్వులలో మనం చూసే భాష అదే. ప్రోగ్రాములలోనూ అటువంటి ఉత్తర్వులు ఉంటాయి. ఒక బటన్ ఏమి చేస్తుందో తెలుసుకోవడానికి ఏడు దస్త్రాలు తిరిగి, చివరకు ఒకే ఒక పంక్తి చూసి, నిట్టూర్చే కుర్రవాళ్లు చాలామంది ఉన్నారు.

అంతకంటె మోసకరమైనది ఇంకొకటి ఉన్నది. క్లాసును వేరే దస్త్రంలోకి మార్చుతారు. కాని దానికి యాక్టివిటీనంతటినీ అప్పగిస్తారు. ఆ క్లాసు తెరలోని పెట్టెలను తానే వెతుకుతుంది, తెర రంగును తానే మారుస్తుంది, తెరను తానే మూసివేస్తుంది. పేరుకు వేరింటి కాపురం, పొయ్యి మాత్రం పాత ఇంటిలోనే. ఇది విడదీయడం కాదు, దూరం జరపడం. పైగా రహస్య బంధం పోయి బహిరంగ బంధం వచ్చిందే తప్ప బంధం తెగలేదు.

ఈ భేదాన్ని డేవిడ్ పార్నాస్ 1972లోనే స్పష్టం చేశాడు. ప్రోగ్రామును భాగాలుగా చేయడానికి గీటురాయి ఏమిటని ఆయన తన ప్రసిద్ధ వ్యాసంలో ప్రశ్నించాడు. పని జరిగే వరుసను బట్టి ముక్కలు చేయడం సహజంగా తోచే పద్ధతి. ఆయన దానిని కాదన్నాడు. మున్ముందు మారే అవకాశమున్న నిర్ణయాలేవో గుర్తించి, ఒక్కొక్క నిర్ణయాన్ని ఒక్కొక్క భాగంలో దాచమన్నాడు. అప్పుడు ఆ నిర్ణయం మారితే ఆ భాగం ఒక్కటే మారుతుంది. ఈ గీటురాయిమీద గీసి చూస్తే మన ప్రశ్నకు జవాబు తేటపడుతుంది. బిల్లు చెల్లించే తీరు మారవచ్చు. బటన్ ఆకారం మారవచ్చు. ఈ రెండు మార్పులూ వేరువేరు మనుషుల నిర్ణయంతో, వేరువేరు కాలాలలో వస్తాయి. కనుక వాటిని విడదీయాలి. వెనుదిరుగు బటన్‌లో దాచవలసిన నిర్ణయమే లేదు. కనుక అక్కడ క్లాసు అక్కరలేదు.

తరువాతి చరిత్ర ఈ తీర్పునే బలపరచినట్లు నాకు తోస్తుంది. 2014లో జావా 8తో లాంబ్డాలు వచ్చాయి. పేరులేని క్లాసు నాలుగు పంక్తులు పోయి ఒక పంక్తి అయింది. 2017లో గూగుల్ కోట్లిన్ భాషను ఆండ్రాయిడ్‌కు అధికారికంగా స్వీకరించింది. అదే ఏడాది, తెర తిరిగినా నశించకుండా నిలిచే వ్యూమోడల్ అనే ఏర్పాటును కూడా ప్రకటించింది. 2021 జూలైలో జెట్‌ప్యాక్ కంపోజ్ మొదటి స్థిరమైన కూర్పు వెలువడింది. అందులో బటన్ అంటే ఒక ఫంక్షన్. ఆన్‌క్లిక్ అనేది దానికి మనం ఇచ్చే ఒక చిన్న లాంబ్డా. లిజనర్ క్లాసు కట్టవలసిన పనే లేదు. అయితే ఆ లాంబ్డాలో ఏమి రాయాలని పెద్దలు చెబుతున్నారు? పనినంతటినీ అక్కడ గుమ్మరించవద్దు, జరిగినదానిని పైకి చెప్పి ఊరుకో, చేసేవాడు పైన ఉన్నాడు అంటున్నారు. క్లాసు పోయింది, విభజన నిలిచింది. లాంబ్డా తీగ అయింది. గంట మాత్రం హాలులోనే ఉన్నది.

కాబట్టి అసలు వాదం క్లాసు గురించి కాదు, దస్త్రం గురించి అంతకంటె కాదు. పేరు గురించి. ఒక పనికి దానిదైన పేరు ఉన్నదా, లేక అది తన బటన్ పేరు చెప్పుకొని బతుకుతున్నదా? "మూడవ బటన్ నొక్కినప్పుడు జరిగేది" అన్నది పేరు కాదు, చిరునామా. ఇల్లు మారితే చిరునామా పోతుంది. "బిల్లు చెల్లింపు" అన్నది పేరు. అది ఏ బటన్ కింద ఉన్నా, బటన్లే లేని రోజు వచ్చి నోటితో చెబితే జరిగే కాలం వచ్చినా, ఆ పేరు అలాగే ఉంటుంది. ఇప్పటికే చాలామంది ఫోనుతో మాట్లాడి పనులు చేయించుకుంటున్నారు. నొక్కుట అక్కడ లేనేలేదు. చేయుట మాత్రం ఉన్నది.

హైదరాబాదులోనూ, బెంగుళూరులోనూ, అమెరికాలోనూ పనిచేసే మన పిల్లలలో ఎందరికో నిత్యకృత్యం ఇతరులు రాసి వదిలివెళ్లిన కోడును చదవడం, బాగుచేయడం. రాసినవాడు ఎదురుగా ఉండడు. అడగడానికి వీలుండదు. వాడు వదిలివెళ్లిన పేర్లే వాడి మాటలు. పేరు పెట్టవలసినచోట పెట్టనివాడు వెనుక వచ్చేవాడికి మౌనాన్ని వదిలి వెళ్తాడు. అక్కరలేనిచోట పేర్లు గుప్పించినవాడు రొదను వదిలి వెళ్తాడు. ఏది పేరుకు తగిన పని, ఏది కాదు అని తేల్చుకోవడం ఏ భాషలో రాసేవాడికైనా తప్పని విద్య. తెలుగులో రాసే మనకూ అది తప్పదు.

ఈ విద్యలో రోజూ చేయి చేసుకొనే మిత్రులు తమ కోడులో ఏ పనికి పేరు పెట్టి సుఖపడ్డారో, దేనికి పెట్టి విసిగారో రాస్తే చదివి ఆనందిస్తాను.

స్వస్తి.